కళింగమున పశుచికిత్స

మా యింటి కుక్కకు జబ్బు చేయునంతవఱకు అశోకుని రెండవ శిలాశాసనము మాకు సరిగా అర్థము కాలేదని ఒప్పుకొనుటకు మేము సంకోచింపము. ఇరువది యేండ్లుగా దానిని బడిపిల్లలకు పాఠము చెప్పుచునే యుంటిమి. మనుష్యులకు చికిత్స, పశువులకు చికిత్స, బాటల ప్రక్క నూతులు, చెట్లు అని నాలుగు మాటలలో ముగించి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఇచ్చి ఊరకుంటిమి. ఆ రెండవ మాట వెనుక ఎంత కథ యున్నదో మాకు బోధపఱచినది ఒక నల్లకుక్క.

కళింగపట్నమున మేము కాపురముండు చోటు వంశధార సముద్రమున కలియు తావునకు దూరము కాదు. ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవు ఇది. ఇప్పుడు మిగిలినది 1876లో కట్టిన దీపస్తంభము, చేపల పడవలు, ఎండవేసిన వలలు, ఎండుచేపలకు కాపలాదారులో దొంగలో చెప్పరాని కుక్కలు. అట్టి కుక్కలలో ఒకటి వానకాలమున మా అరుగు క్రిందికి వచ్చి చేరినది. పిల్లలు దానికి కర్రిగాడని పేరు పెట్టిరి. ఆచారము గల యిల్లు గనుక మా తల్లిగారు మొదట దానిని గడప దాటనీయలేదు. మూడేండ్లు గడచునప్పటికి ఆమె భోజనము చేసి లేచిన పిదప దానికి ముద్ద పెట్టక నడుము వాల్చుట లేదు. ఇట్టి మార్పులు ఉపన్యాసములచే రావు.

నాలుగవ యేట వేసవిలో కర్రిగాడు అన్నము మానెను. ఒళ్లు కాలిపోవుచుండెను. చిగుళ్లు తెల్లబడెను. మూడవనాటి యుదయమున ముక్కునుండి రక్తము వచ్చెను. ఆటోలో వేసికొని చేరువనున్న ఒక ఆసుపత్రికి పోతిమి. అక్కడి సేవకుడు మమ్మును గుమ్మము దగ్గఱనే ఆపి, "ఇది పశువుల ఆసుపత్రి మాస్టారూ, కుక్కల ఆసుపత్రి కాదు" అనెను. ఆ మాటలో ద్వేషము లేదు, ఎగతాళి లేదు. అతడు తాను నమ్మిన సత్యమును చెప్పెను. ఇంటికి మరలివచ్చితిమి గాని ఆ వాక్యము మమ్మును విడువలేదు. కుక్క పశువా, కాదా?

చదువరులు దీనిని పండితుల వాదముగా తలంపవలదు. దీనిపై ఒక ప్రాణము ఆధారపడియున్నది.

వైదిక యజ్ఞపరిభాషలో పశువులు అయిదు: పురుషుడు, అశ్వము, గోవు, గొఱ్ఱె, మేక. ఇందు మనుష్యుడున్నాడు గాని కుక్క లేదు. లాటిను భాషలో పశుశబ్దమునకు తోబుట్టువైన మాటనుండియే ధనమునకు పేరు పుట్టినది. అనగా పశువు మొదటినుండియు ఆస్తి. తెలుగున మనము పసులు, పసరములు అన్నను గొడ్డు గోదయే మనస్సునకు వచ్చును. కుక్కను పసరమన్న తెలుగువానిని మేము చూడలేదు. కాబట్టి ఆ సేవకుడు తనకు తెలియకయే మూడువేల యేండ్ల సంప్రదాయమును మాకు వినిపించెను.

ఇక శాసనము. అశోకుడు క్రీస్తుపూర్వము 261 ప్రాంతమున కళింగముపై దండెత్తెను. లక్షమంది హతులైరి, లక్ష యేబదివేలమంది చెఱపట్టబడి తరలింపబడిరి, అంతకు అనేక రెట్లు ఇతర విధములుగా మడిసిరి. ఈ లెక్క చెప్పినది శత్రువులు కాదు, పదమూడవ శిలాశాసనమున రాజే. అయితే ఆ శాసనము కళింగమున లేదు. ధౌలియందును, గంజాం జిల్లాలో ఋషికుల్య తీరముననున్న జౌగడయందును అతడు పదునొకండు, పండ్రెండు, పదమూడవ శాసనములను చెక్కింపక, వానికి బదులు కళింగమునకై వేఱుగా రెండు శాసనములు వ్రాయించెను. ప్రజలందఱును తన బిడ్డలేయని చెప్పినది అందులోనే. దెబ్బ తిన్నవాని యెదుట దెబ్బల లెక్క చదువుట మర్యాద కాదని తోచెనో, లేక భయపడెనో, ఎవరికి నచ్చినట్లు వారు ఊహించుకొనవచ్చును. కాని రెండవ శాసనమును మాత్రము అతడు కళింగమున మానలేదు. యుద్ధము జరిగిన నాలుగయిదేండ్లకే ఆ నేలమీదనే, మనుష్యులకును పశువులకును రెండు విధముల చికిత్సలు ఏర్పాటు చేసితిననియు, ఓషధులు లేని చోటులకు తెప్పించి నాటించితిననియు వ్రాయించెను. తన రాజ్యమునందే కాదు, చోళ పాండ్యులయొద్దను, తామ్రపర్ణివఱకును, యవనరాజైన అంతియోకుని యెల్లలయందును ఇట్లు చేసితినని చెప్పుకొనెను.

జౌగడ శాసనమునకు 1850లో ప్రతి తీసినవాడు వాల్టరు ఎలియటు. ఆనాడు ఉత్తరసర్కారుల పాలన యాతని చేతిలో నుండెను, మన కళింగపట్నమును అందులోనిదే. మా యూరినుండి వంశధార వెంట కొంత దూరము పోయినచో శాలిహుండము కొండ వచ్చును. 1919లో అక్కడి బౌద్ధస్థలమును లోకమునకు తెలిపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన యా మహనీయుడు ఇంత గ్రాంథికమున మేము వ్రాయుట చూచినచో ఏమనునో! శాలిహుండమను పేరు విని, అశ్వవైద్యమునకు ఆద్యుడైన శాలిహోత్రునితో సంబంధము కల్పింపవలెనని మాకును ఒకప్పుడు నాలుక దురద పెట్టినది. ఆ పేరు శాలిధాన్యమునకు సంబంధించినదే గాని గుఱ్ఱములకు సంబంధించినది కాదు. ఇష్టమైన సంగతికి ఆధారము చాలకపోయినను నమ్ముట చరిత్రకారునకు తగదు.

ఆ నియమమును మేమును పాటింపవలెను గదా. అశోకుని రెండవ శాసనములోని పశుశబ్దమున కుక్క యున్నదా? ముఖ్యముగా గొడ్లను, గుఱ్ఱములను ఉద్దేశించియే వ్రాసియుండునని మా అభిప్రాయము. కాని ఇరువదియాఱవ పాలనవత్సరమున వేయించిన అయిదవ స్తంభశాసనమున మఱియొక మాట యున్నది. చంపరాని ప్రాణుల జాబితాను చిలుకలతో, గోరువంకలతో మొదలుపెట్టి, హంసలు, గబ్బిలములు, తాబేళ్లు అని పోయి పోయి, తుదకు ఉపయోగమునకు రానివియు తినబడనివియు నగు నాలుగు కాళ్ల జంతువులన్నియు అని చేర్చెను. ఉపయోగమునకు రానివి! ఆస్తి కానివి! వానికిని రాజశాసనమున ఒక పంక్తి దొరకినది. చంపరాదనుట వైద్యము చేయవలెననుట కాదు. ఐనను ఆ పంక్తి చదివినప్పుడు మాకు అరుగు క్రింది నల్లకుక్క కనబడెను.

మన ప్రాచీనులకు పశువైద్యము తెలియదనుట అజ్ఞానము. శాలిహోత్రుని పేరిట అశ్వశాస్త్రమున్నది. ఆ పేరే హిందుస్తానీలో సాలోత్రియై, ఇంగ్లీషువారి దండులలో సైతము గుఱ్ఱపువైద్యునకు వాడుకపేరుగా నిలిచినది. అంగరాజగు రోమపాదునకు పాలకాప్యముని చెప్పినట్లున్న హస్త్యాయుర్వేదము మహాగ్రంథము. విరాటుని కొలువున నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను సాకిన కథ తిక్కన భారతమున మనవారందఱు చదివినదే. తెలుగున మనుమంచి భట్టు గుఱ్ఱములను గూర్చి పద్యగ్రంథమే రచించెను. 1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన అర్థశాస్త్రమున గుఱ్ఱపువైద్యునకు శిక్షలు సైతము గలవు. చికిత్సలోపమువలన రోగము ముదిరినచో వైద్యపు ఖర్చునకు రెండింతలు దండుగ. లోపమువలన జంతువు చెడిపోయినచో దాని వెల చెల్లింపవలెను. నేటి వైద్యులు దీనిని చదివి నిట్టూర్పు విడుతురు గాక!

అయితే ఈ గ్రంథములన్నిట వైద్యుని పిలుచువాడు ఎవడు? రాజు. రోగి యెవరు? రాజుగారి గుఱ్ఱము, రాజుగారి యేనుగు. శాస్త్రము యుద్ధశాలలో పుట్టి యుద్ధశాలలో పెరిగినది. భారతమున కుక్కకు గొప్ప చోటే యున్నది. జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టగా సరమ బిడ్డ యేడ్చుచు తల్లియొద్దకు పోవుట ఆదిపర్వమున, ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమునకు రాననుట కడపట. ఇంత పెద్ద యితిహాసమునకు అటు తల, ఇటు తోక రెండు కుక్కలు పట్టుకొనియున్నవి. కాని ఆ సరమ బిడ్డ గాయమునకు మందు రాచినవాడు ఎవడును కనబడడు. తల్లి శాపమిచ్చినది, అంతే.

రాజుల కొఱకు గాక, ఉపయోగము కొఱకు గాక, కేవలము జాలిచే జరిగిన పశుసేవకు చరిత్రలో మేమెఱిగిన అందమైన సాక్ష్యము గుజరాతుది. 1623లో పియెత్రో దెల్లా వాలే యను ఇటలీ యాత్రికుడు ఖంభాతులో జైనులు నడుపుచున్న పక్షుల ఆసుపత్రిని చూచెను. అక్కడ తల్లి లేని, రోమములైన మొలవని చిట్టెలుక పిల్లలను దూదిపెట్టెలో నుంచుకొని, తెల్లగడ్డపు వృద్ధుడొకడు ముక్కుమీద కండ్లద్దములు పెట్టుకొని, పక్షియీకతో పాలు త్రాగించుచుండెనట. మా బడి గోడమీద రాజుల పటములు చాల గలవు. ఈ ముసలివాని పటము ఎవరైన వ్రాసియిచ్చినచో వానిలో ఒకటి తీసివేయుదుము.

ఐనను ఇచ్చట ఒక చేదునిజము చెప్పక తప్పదు. జాలి కలవాడు వైద్యుడు కానక్కరలేదు. మన పల్లెలలో పసుల వైద్యుడు వెదురుగొట్టముతో కషాయము గొంతులో పోయుట, కీలు పట్టినచో ఇనుపకఱ్ఱు ఎఱ్ఱగా కాల్చి వాతలు పెట్టుట మా తాతగారి కాలమున నిత్యకృత్యములు. పెట్టువాడు దుర్మార్గుడు కాడు. ఎద్దు బ్రతుకవలెనని దేవునికి మ్రొక్కుకొనియే వాత పెట్టెడివాడు. ముసర వచ్చినప్పుడు ఆ కషాయమును, వాతలును ఏమియు చేయలేకపోయినవి. ఒక్క నెలలో ఊరిగొడ్లన్నియు పోవుట, కాడి పట్టు జంతువు లేక పొలములు బీడుపడుట, పిదప కఱవు.

ఐరోపాలో పశువైద్యవిద్యాలయములు పుట్టుటకు కారణమును ఆ తెగులే. ఫ్రాన్సున క్లోదు బూర్జెలా 1761లో లియోను పట్టణమున మొదటి విద్యాలయమునకు అనుజ్ఞ పొందెను. మన దేశమున 1871లో గొడ్లతెగుళ్ల విచారణసంఘము నివేదిక వెలువడినది. 1889లో పూనాలో నెలకొల్పిన సూక్ష్మజీవి పరిశోధనశాల 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు చేరెను. 1897లో రాబర్టు కోకు అక్కడికి వచ్చి ముసరను పరిశీలించెను. చెన్నపురిలో పశువైద్యకళాశాల 1903లోను, తెలుగునాట తిరుపతిలో 1955లోను వెలసినవి. తరువాత మా ఉత్తరాంధ్రమునకు గరివిడిలో ఒకటి వచ్చినది. టీకాల బలముచే ముసర యను మాటయే నేటి రైతుబిడ్డలకు తెలియకుండ పోయినది. 2011లో ప్రపంచమునుండి అది తుడిచిపెట్టబడినదని ప్రకటించిరి. మనుష్యులు భూమిమీద లేకుండ చేసిన రోగములు ఇప్పటికి రెండే, మశూచికము, ముసర. దాని కొఱకు పనిచేసిన పశువైద్యుల పేర్లు మన పాఠ్యపుస్తకములలో లేవు. ఇది అన్యాయము.

ఇంత చరిత్రలోను కుక్క యెక్కడ? దానిని వైద్యశాస్త్రపు గుమ్మము దాటించినది ప్రేమ కాదు, భయము. పిచ్చికుక్కకాటునకు 1885లో పాశ్చరు పారిసున టీకా వేసెను. మన దేశమున కసౌలిలో 1900లోను, దక్షిణదేశమునకు కూనూరులో 1907లోను పాశ్చరు సంస్థలు ఏర్పడినవి. ఆ రోజులలో మా ప్రాంతమున కుక్క కఱచినవాడు చికాకోలు రోడ్డు స్టేషనులో రైలెక్కి, చెన్నపట్టణము చేరి, అచటినుండి నీలగిరులెక్కి, రోజుల తరబడి పొట్టమీద సూదులు పొడిపించుకొనవలసివచ్చెడిది. పోలేనివాడు ఇంటనే నీటిని చూచి వణకుచు చచ్చెడివాడు. నేటికిని లోకములో ఈ వ్యాధిచే చచ్చువారిలో మూడవవంతుమంది మనవారే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. ఊరకుక్కకు ఒక ముద్ద పెట్టి పుణ్యమనుకొనువారు ఏటేట దానికి టీకా వేయింపకపోవుట జాలి కాదు, సోమరితనము. ఈ మాట ముందుగా మాకే చెప్పుకొనవలెను. మూడేండ్లు కర్రిగానికి ముద్ద పెట్టితిమే గాని ఒక్క టీకాయు వేయింపలేదు.

తెలివిలేని జాలికి మఱియొక దృష్టాంతము. గొడ్ల నొప్పులు తగ్గుటకు డైక్లోఫెనాక్ అను మందు మన దేశమున విరివిగా వాడిరి. గొడ్డుకు హాయి. కాని ఆ గొడ్డు చచ్చిన పిదప కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి గుంపులు గుంపులుగా రాలిపోయినవి. కారణము 2004లో బయటపడినది. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించి మెలాక్సికాం వాడుమన్నది. అప్పటికే మన ఆకాశమున రాబందులు లేవు.

ఇక కర్రిగాని సంగతి. మూడవనాటి సాయంకాలము మా తల్లిగారు, "కుక్కకు వైద్యమేమిటని నలుగురూ నవ్వితే నవ్వనీ నాయనా, పట్నం తీసుకెళ్లు" అనిరి. నాలుగేండ్ల క్రిందట దానిని గడప దాటనీయని తల్లియే ఈ మాట యన్నది. మఱునాడు శ్రీకాకుళమునకు తీసికొనిపోతిమి. అక్కడి వైద్యుడు ఇంకను ముప్పది నిండని యువకుడు. మేము పోవునప్పటికి ఆవరణలో ఒక గేదె ఈనలేక పడియుండెను. ప్రక్కన నొక స్త్రీ, చేతిలో ఖాళీ పాలక్యాను. వైద్యుడు మా చేతిలోని జంతువును, మా ముఖమును చూచి, "మాస్టారూ, మీ కుక్క ఇంకో రెండు గంటలు ఆగుతుంది. ఆ గేదె ఆగదు. దాని మీద ఒక సంసారం ఉందండి" అనెను.

ఆ క్షణమున మాకు కోపము వచ్చినదని వ్రాయుటకు సిగ్గుగా నున్నది. మా జంతువుపై ఏ సంసారమును లేకపోవచ్చును, మా ప్రేమకు విలువ లేదా యనుకొంటిమి. రెండు గంటలు వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. అతడు చొక్కా విప్పి, భుజమువఱకు చేయి లోపలికి పెట్టి, చెమటలు క్రక్కుచు దూడను త్రిప్పి తీసెను. దూడ బ్రతికినది. ఆ స్త్రీ నేలమీద కూలబడి ఏడ్చినది. మా కోపము ఎప్పుడు పోయినదో మాకే తెలియలేదు.

పిమ్మట చేతులు కడుగుకొని వచ్చి, బల్లమీదికి ఎత్తుమని చెప్పక, తానే సిమెంటునేలపై కూర్చుండెను. కర్రిగాడు వాసన చూచువఱకు చేయి చాచి యుంచి, చెవి మడిచి, లోపల గుంపుగా పట్టియున్న పిడుదులను మాకు చూపెను. "ఇవి కుక్కజాతికి పాత శత్రువులండి. రక్తంలో సూక్ష్మజీవిని ఎక్కిస్తాయి. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు ఈ జ్వరంతోనే వందలకొలది పోయాయి" అనెను. రక్తపరీక్ష వ్రాసి, డాక్సీసైక్లిన్ బిళ్లలు ఇరువదియెనిమిది దినములు తప్పక వేయుమనెను. బ్రతుకునా యని అడిగితిమి. "చెప్పలేను. ఆలస్యమైంది. కాని బాధ పడనివ్వను" అనెను. మా నలుబదియేండ్లలో మనుష్యవైద్యులనుండి సైతము ఇంత స్పష్టమైన సమాధానము అరుదుగా వింటిమి.

ఆ బిళ్లల డబ్బా నింటికి తెచ్చి మా పిల్లలకు చూపి ఒక కథ చెప్పితిమి. ఆ మందు కుటుంబమునకు మొదటి బిడ్డ ఆరియోమైసిన్. 1948లో అది లోకమునకు వెల్లడియైనప్పుడు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడు భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అంతకు ముందటి యేడు వారి బృందము బోదకాలునకు కనుగొన్న హెట్రజాన్ తరువాత అనేక దశాబ్దములు కుక్కల గుండెలో పురుగులు చేరకుండ దినదినము వేయు మందైనది. బోదకాలు మన కోస్తా జిల్లాల శాపము. తనవారి బాధకై వెదకినవాని మందు ఎక్కడెక్కడి కుక్కలనో కాచినది. మనుష్యచికిత్స, పశుచికిత్స యని అశోకుడు రెండుగా చెప్పినను ఓషధికి ఆ భేదము తెలియదు కాబోలు.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పశువైద్యమునకు సంచారవాహనములు ప్రవేశపెట్టినది. పిలువవలసిన సంఖ్య 1962. బడిలో ఒక పిల్లవాడు ఇది ఏ యుద్ధపు సంవత్సరమండీ యని అడిగెను. వానికి వాహనముల సంగతి చెప్పి, చీనాయుద్ధపు సంగతియు చెప్పితిమి.

పదునాలుగవ దినమున కర్రిగాడు లేచి నిలిచెను. ఇరువదియెనిమిదవ దినమున ఆ వైద్యునకు చూపుటకు మరల తీసికొనిపోతిమి. పిచ్చికుక్కకాటు టీకాయు ఆనాడే వేయించితిమి. ఫీజు ఇవ్వబోగా పుచ్చుకొనక, "మీ వీధిలో ఇంకా ఎన్ని కుక్కలున్నాయండి?" అని అడిగెను. లెక్క పెట్టలేదంటిమి. "లెక్కపెట్టి రండి, టీకాలు తెస్తాను" అనెను. లెక్కించితిమి. మా వీథినుండి దీపస్తంభమువఱకు ముప్పదియొకటి. వచ్చు ఆదివారము అతడు వచ్చుచున్నాడు. పట్టుకొనుటకు జాలరిపాలెము కుఱ్ఱవాండ్రు సిద్ధముగా నున్నారు. మా తల్లిగారు అన్నము ఎక్కువగా వండుదుననిరి.